మీ ఫోన్‌లో ఉన్న డేట్.. ఇంట్లోవాళ్ల ఫోన్‌లో ఎందుకు లేదు? క్యాలెండర్ సింక్ ఇలా సెట్ చేసుకోండి

దేవరయాంజాల్: అమ్మకి శుక్లాల ఆపరేషన్ అయింది. వారం తర్వాత చెకప్‌కి రమ్మన్నారు. డేట్, టైమ్ అన్న ఫోన్‌లో పెట్టుకున్నాడు. తీసుకెళ్లాల్సింది నేను. ఆ రోజు పొద్దున నేను ఎప్పట్లాగే షిఫ్ట్‌కి బయల్దేరి తూంకుంట దాటి సిటీ వైపు వెళ్లిపోయా. అన్న జీనోమ్ వ్యాలీలో జాబ్. లోపల ల్యాబ్‌లోకి ఫోన్ తీసుకెళ్లనివ్వరు, బయట లాకర్‌లో పెట్టాలి. రిమైండర్ కరెక్ట్ టైమ్‌కే మోగింది. లాకర్‌లో మోగింది.

సాయంత్రం ఇంటికొచ్చాక అడిగితే అన్న ఒకటే మాట. ‘‘నేను క్యాలెండర్‌లో పెట్టిన కదా చెల్లె, నీకు రాలేదా?’’

రాలేదు. ఎందుకంటే అన్న పెట్టింది ఆఫీస్ ఔట్‌లుక్‌లో. నేను వాడేది గూగుల్ క్యాలెండర్. వదినది ఐఫోన్. అమ్మ ఫోన్‌లో క్యాలెండర్ యాప్ ఉంది కానీ ఎవరూ తెరిచిందే లేదు. ఒక్క ఇంట్లో నాలుగు ఫోన్లు, నాలుగు క్యాలెండర్లు. ఒకదానితో ఇంకోదానికి సంబంధమే లేదు. మర్నాడు అపాయింట్‌మెంట్ లేకుండా వెళ్లి, మధ్యాహ్నం దాకా ఓపీ లైన్‌లో కూర్చున్నాం. కంట్లో వేసే చుక్కలు తగ్గించాలా, అలాగే కంటిన్యూ చేయాలా అనేది ఆ చెకప్‌లోనే చెప్తారు. ఒక రోజుతో పోయింది కాబట్టి సరిపోయింది. తప్పు ఆస్పత్రిది కాదు, ఫోన్‌దీ కాదు. మాదే.

ఆ రాత్రి కూర్చుని నలుగురి ఫోన్లూ ఒకేసారి సెట్ చేశా. అప్పుడు అర్థమైన విషయాలే ఇవి. మీ ఇంట్లో కూడా ఆండ్రాయిడ్ ఒకరిది, ఐఫోన్ ఒకరిది, ఆఫీస్ ల్యాప్‌టాప్ ఒకరిది అయితే ఇది మీకోసమే.

గోడ క్యాలెండర్‌కి సింక్ ఎందుకు అక్కర్లేదు?

మన ఇళ్లలో కిచెన్ పక్కన ఒక గోడ క్యాలెండర్ ఉంటుంది. గ్యాస్ బండ ఎప్పుడు మార్చారు, పాలు ఏ రోజు రాలేదు, చిట్టీ ఎప్పుడు కట్టాలి, పెళ్లి పత్రిక ఏ తేదీది.. అన్నీ దానిమీదే. ఇంట్లో ఎవరు రాసినా అందరికీ కనిపిస్తుంది. ఎందుకంటే ఉన్నది ఒకటే కాపీ.

ఫోన్లు వచ్చాక ఆ ఒక్క క్యాలెండర్ కాస్తా మనిషికొకటి అయింది. ఎవరి కాపీ వాళ్లదే. సింక్ అంటే ఈ విడివిడి కాపీల్ని మళ్లీ ఒకటిగా చేయడమే. ఒక చోట మార్చితే మిగతా అన్ని చోట్లా తనంతట తానే మారాలి. గోడ క్యాలెండర్ చేసే పనే, కాకపోతే ఇంటర్నెట్ మీద.

ముందు ఇది తెలుసుకోండి: యాప్ కాదు, అకౌంట్ ముఖ్యం

చాలామంది చేసే పొరపాటు ఇక్కడే. ‘‘నా ఫోన్‌లో క్యాలెండర్‌లో పెట్టా’’ అంటారు. కానీ మీరు చూసే యాప్ కేవలం కిటికీ లాంటిది. ఈవెంట్ నిజంగా సేవ్ అయ్యేది ఒక అకౌంట్‌లో. ఆ అకౌంట్ గూగుల్‌ది కావచ్చు, యాపిల్ ఐక్లౌడ్ కావచ్చు, మైక్రోసాఫ్ట్‌ది కావచ్చు. లేదంటే ఏ అకౌంట్ లేకుండా ఫోన్‌లోనే ఉండిపోవచ్చు.

ఈ చివరిదే డేంజర్. ఈవెంట్ పెట్టేటప్పుడు స్క్రీన్ మీద ‘మై ఫోన్’, ‘డివైజ్’, ‘లోకల్’ లాంటి పేరు కనిపిస్తే అది ఆ ఫోన్ దాటి బయటికి వెళ్లదు. పేరు ఫోన్ కంపెనీని బట్టి మారుతుంది. ఫోన్ పోయినా, రీసెట్ చేసినా, ఎక్స్‌ఛేంజ్‌లో ఇచ్చేసినా ఆ డేట్లు పోయినట్టే. అదే చోట మీ మెయిల్ ఐడీ కనిపిస్తే, అది అకౌంట్‌లోకి వెళ్తున్నట్టు. కొత్త ఫోన్ కొని అదే మెయిల్‌తో లాగిన్ అయితే మళ్లీ వచ్చేస్తుంది.

కాబట్టి ఇప్పుడే మీ ఫోన్‌లో ఏదైనా ఒక ఈవెంట్ ఓపెన్ చేసి చూడండి. కింద ఏ మెయిల్ ఐడీ ఉంది? ఈ ఒక్క ప్రశ్నకి జవాబు తెలిస్తే సగం పని అయిపోయినట్టే.

వేర్వేరు కంపెనీల క్యాలెండర్లు ఎలా మాట్లాడుకుంటాయి?

గూగుల్, యాపిల్, మైక్రోసాఫ్ట్ మూడూ పోటీ కంపెనీలు. అయినా ఒకరి ఈవెంట్ ఇంకొకరి యాప్‌లో తెరుచుకుంటుంది. కారణం ఒక కామన్ ఫార్మాట్. దాని పేరు ఐక్యాలెండర్. 1998లో ఇంటర్నెట్ స్టాండర్డ్‌గా వచ్చింది, 2009లో సరిచేసి మళ్లీ విడుదల చేశారు. వెబినార్‌కి రిజిస్టర్ అయినప్పుడు మెయిల్‌లో ‘ఐసీఎస్’ అనే ఫైల్ వస్తుంది కదా, అది ఈ ఫార్మాట్‌దే.

ఫైల్ పంపుకోవడం ఒక్కటే సరిపోదు, మార్పులు కూడా రెండు వైపులా తిరగాలి. దానికోసం 2007లో కాల్‌డావ్ అనే పద్ధతి వచ్చింది. ఐఫోన్‌లో ఉన్న యాపిల్ క్యాలెండర్ మీ గూగుల్ అకౌంట్‌తో మాట్లాడేది దీనిద్వారానే. ఈ పేర్లు గుర్తుపెట్టుకోవాల్సిన పని లేదు. దారి ఉంది, మనం ఆన్ చేయాలి అంతే.

ఇంటికి ఒక అకౌంట్ ఫిక్స్ చేయండి

ముందు డిసైడ్ చేయాల్సింది ఇది. ఇంటి డేట్లన్నీ ఏ కంపెనీ దగ్గర పెడతారు? ఇంట్లో అందరివీ ఐఫోన్లే అయితే ఐక్లౌడ్ సరిపోతుంది. ఫ్యామిలీ షేరింగ్ ఆన్ చేస్తే ఆరుగురి దాకా ఒకే ఫ్యామిలీ క్యాలెండర్ వస్తుంది. కానీ ఒక్క ఆండ్రాయిడ్ ఉన్నా గూగుల్ బెటర్. ఎందుకంటే గూగుల్ క్యాలెండర్ ఆండ్రాయిడ్, ఐఫోన్, కంప్యూటర్ మూడింట్లో నేరుగా పనిచేస్తుంది. ఐక్లౌడ్ క్యాలెండర్‌కి ఆండ్రాయిడ్‌లో యాపిల్ సొంత యాప్ లేదు. బ్రౌజర్‌లో తెరుచుకోవాలి, లేదా చూడ్డానికి మాత్రమే పనికొచ్చే లింక్ తీసుకోవాలి.

మా ఇంట్లో గూగుల్ అనుకున్నాం. కింద స్టెప్స్ కూడా దాన్నిబట్టే.

ఆండ్రాయిడ్ ఫోన్‌లో ఇలా

1. ఫోన్ సెట్టింగ్స్‌లో ‘అకౌంట్స్’ ఓపెన్ చేయండి. మీ గూగుల్ అకౌంట్ మీద నొక్కి ‘అకౌంట్ సింక్’లోకి వెళ్లండి. అక్కడ ‘క్యాలెండర్’ ఆన్‌లో ఉందో లేదో చూడండి. చాలా ఫోన్లలో ఎప్పుడో ఆఫ్ అయి ఉంటుంది, మనకి తెలియదు.

2. గూగుల్ క్యాలెండర్ యాప్ తెరిచి ఎడమవైపు మూడు గీతలు నొక్కండి. మీ క్యాలెండర్ల పేర్లు వస్తాయి. టిక్ లేనివి స్క్రీన్ మీద కనిపించవు. టిక్ పెట్టండి.

3. అదే మెనూలో సెట్టింగ్స్‌లోకి వెళ్లి ఒక్కో క్యాలెండర్ పేరు నొక్కితే ‘సింక్’ బటన్ ఉంటుంది. అది కూడా ఆన్ చేయండి.

4. ఫోన్ కంపెనీ ఇచ్చిన వేరే క్యాలెండర్ యాప్ వాడుతుంటే, కొత్త ఈవెంట్ పెట్టేటప్పుడు గూగుల్ మెయిల్ ఐడీ సెలెక్ట్ చేయండి. పాత ఈవెంట్లు ‘ఫోన్‌లో మాత్రమే’ ఉంటే ఎడిట్ చేసి క్యాలెండర్ మార్చి చూడండి. కొన్ని ఫోన్లలో మార్చనివ్వదు. అప్పుడు ముఖ్యమైనవి మళ్లీ టైప్ చేసుకోవడమే. మా అమ్మ ఫోన్‌లో నేను అలాగే చేశా, పది నిమిషాల పని.

ఐఫోన్‌లో ఇలా

ఐఫోన్‌లో రెండు దారులున్నాయి. సులువైనది, గూగుల్ క్యాలెండర్ యాప్ ఇన్‌స్టాల్ చేసి లాగిన్ అవ్వడం. రెండోది, యాపిల్ క్యాలెండర్‌లోనే గూగుల్ అకౌంట్ కలపడం.

1. సెట్టింగ్స్‌లో ‘యాప్స్’, అందులో ‘క్యాలెండర్’, అందులో ‘క్యాలెండర్ అకౌంట్స్’కి వెళ్లండి. పాత వెర్షన్లలో సెట్టింగ్స్‌లోనే నేరుగా ‘క్యాలెండర్’ కనిపిస్తుంది.

2. ‘యాడ్ అకౌంట్’ నొక్కి గూగుల్ సెలెక్ట్ చేసి లాగిన్ అవ్వండి. ‘క్యాలెండర్స్’ ఆన్ చేయండి.

3. వెనక్కి వచ్చి ‘డిఫాల్ట్ క్యాలెండర్’ చూడండి. అక్కడ ఐక్లౌడ్ క్యాలెండర్ ఉంటే మీరు కొత్తగా పెట్టే ఈవెంట్ ఐక్లౌడ్‌కే పోతుంది, ఆండ్రాయిడ్ వాళ్లకి కనిపించదు. దాన్ని గూగుల్‌కి మార్చండి. వదిన ఫోన్‌లో అసలు సమస్య ఇదే.

4. ‘ఫెచ్ న్యూ డేటా’ అని ఒక ఆప్షన్ ఉంటుంది. యాపిల్ క్యాలెండర్‌లో గూగుల్ ఈవెంట్లు వెంటనే వచ్చి పడవు, ఫోన్ మధ్యమధ్యలో వెళ్లి అడిగి తెచ్చుకుంటుంది. ‘ఆటోమేటిక్’ అని ఉంటే బ్యాక్‌గ్రౌండ్‌లో చార్జింగ్ పెట్టి వైఫైలో ఉన్నప్పుడే తెస్తుంది. దాన్ని పదిహేను నిమిషాలకో, అరగంటకో మార్చండి. బ్యాటరీ కాస్త ఎక్కువ తింటుంది. అది వద్దనుకుంటే గూగుల్ యాప్ వాడటమే మేలు.

ఇంకో చిక్కు. మీకు వేరేవాళ్లు షేర్ చేసిన గూగుల్ క్యాలెండర్ యాపిల్ యాప్‌లో ఒక్కోసారి కనిపించదు. దానికి గూగుల్‌లో ‘సింక్ సెలెక్ట్’ అనే పేజీ ఉంది. బ్రౌజర్‌లో వెతికి తెరిచి, కావాల్సిన క్యాలెండర్లకి టిక్ పెట్టి సేవ్ చేస్తే వస్తుంది.

ఆఫీస్ ఔట్‌లుక్ వాడేవాళ్లు జాగ్రత్త

షామీర్‌పేట్, తుర్కపల్లి వైపు కంపెనీల్లో చేసేవాళ్లకైనా, మాదాపూర్‌లో సాఫ్ట్‌వేర్ చేసేవాళ్లకైనా ఆఫీస్ క్యాలెండర్ అంటే ఎక్కువగా ఔట్‌లుక్. రోజంతా అదే తెరిచి ఉంటుంది కాబట్టి ఇంటి పనులు కూడా అందులోనే పెట్టేస్తారు. అన్న చేసిందీ అదే.

ఆఫీస్ అకౌంట్ మీది కాదు, కంపెనీది. బయటివాళ్లకి షేర్ చేయాలా వద్దా అనేది కంపెనీ ఐటీ వాళ్లు డిసైడ్ చేస్తారు. చాలాచోట్ల బ్లాక్ చేసి ఉంటుంది. ఉద్యోగం మారిన రోజు ఆ అకౌంట్ క్లోజ్ అవుతుంది. అందులో ఉన్న అమ్మ చెకప్ డేట్, పిల్లల టీకా డేట్ కూడా దాంతో పోతాయి. కాబట్టి ఇంటి డేట్లు ఇంటి అకౌంట్‌లో, ఆఫీస్ మీటింగ్‌లు ఆఫీస్ అకౌంట్‌లో. రెండూ కలపకండి.

రెండూ ఒకే చోట చూడాలంటే? ఫోన్‌లో ఔట్‌లుక్ యాప్‌కి మీ పర్సనల్ గూగుల్ అకౌంట్ కూడా కలపొచ్చు. అప్పుడు రెండు క్యాలెండర్లు పక్కపక్కనే కనిపిస్తాయి, కానీ కలిసిపోవు. కంపెనీ రూల్స్ ఒప్పుకోకపోతే రెండు యాప్‌లు వేర్వేరుగా ఉంచుకోండి. ఇంటి పని ఉన్న టైమ్‌కి ఆఫీస్ క్యాలెండర్‌లో వివరాలేమీ లేకుండా ‘బిజీ’ అని ఒక బ్లాక్ పెట్టుకుంటే చాలు. ఆ టైమ్‌కి మీటింగ్ పెట్టేవాళ్లకి మీరు ఖాళీగా లేరని తెలుస్తుంది.

ఫ్యామిలీ అంతటికీ ఒకే క్యాలెండర్

ఇప్పటిదాకా చెప్పింది ఒకే మనిషి ఫోన్, ల్యాప్‌టాప్ కలపడం గురించి. ఇంట్లో నలుగురి మధ్య కలవాలంటే షేర్ చేయాలి. దీనికి కంప్యూటర్ ఉంటే ఈజీ. లేకపోతే ఫోన్ బ్రౌజర్‌లో ‘డెస్క్‌టాప్ సైట్’ పెట్టుకుని గూగుల్ క్యాలెండర్ తెరవండి.

1. ఎడమవైపు ‘అదర్ క్యాలెండర్స్’ పక్కన ప్లస్ గుర్తు నొక్కి ‘క్రియేట్ న్యూ క్యాలెండర్’ ఎంచుకోండి. పేరు పెట్టండి. మేం ‘ఇల్లు’ అని పెట్టుకున్నాం.

2. ఆ పేరు పక్కన మూడు చుక్కలు నొక్కి ‘సెట్టింగ్స్ అండ్ షేరింగ్’లోకి వెళ్లి, ఇంట్లోవాళ్ల మెయిల్ ఐడీలు ఇవ్వండి.

3. ఒక్కొక్కరికీ ఎంత అధికారం ఇవ్వాలో అడుగుతుంది. నాలుగు రకాలుంటాయి. కేవలం బిజీనా ఖాళీనా చూడటం, వివరాలన్నీ చూడటం, ఈవెంట్లు మార్చడం, షేరింగ్ కూడా మార్చడం. ఇంట్లో పెద్దవాళ్లిద్దరికి మార్చే అధికారం చాలు. చిన్నపిల్లల ఫోన్‌కి చూడటం మాత్రమే ఇవ్వండి.

4. వాళ్లకి మెయిల్ వస్తుంది. అందులో లింక్ నొక్కితేనే వాళ్ల లిస్ట్‌లో యాడ్ అవుతుంది. చాలామంది ఈ మెయిల్ చూడరు, ‘‘షేర్ చేశావంట, రాలేదు’’ అంటారు. పక్కన కూర్చుని నొక్కించండి.

గూగుల్‌లో ఫ్యామిలీ గ్రూప్ క్రియేట్ చేస్తే ‘ఫ్యామిలీ’ అనే క్యాలెండర్ దానంతట అదే వస్తుంది. మొత్తం ఆరుగురి వరకే. ఉమ్మడి కుటుంబమైతే సరిపోకపోవచ్చు. అప్పుడు పైన చెప్పినట్టు వేరే క్యాలెండర్ పెట్టుకోవడమే మంచిది.

అసలు ట్విస్ట్ ఇక్కడే: కనిపిస్తుంది.. కానీ మోగదు

ఇదంతా చేశాక ఇంకో పొరపాటు జరుగుతుంది. నేనూ చేశా. ఈవెంట్ అమ్మ ఫోన్‌లో కనిపించింది. టైమ్‌కి మాత్రం చప్పుడు లేదు.

కారణం ఏంటంటే, గూగుల్‌లో షేర్ చేసిన క్యాలెండర్‌కి నోటిఫికేషన్ ఎవరిది వాళ్లే పెట్టుకోవాలి. నేను నా ఫోన్‌లో ‘ఒక గంట ముందు’ అని పెడితే అది నాకే. అమ్మ ఫోన్‌లో, అమ్మ అకౌంట్‌లో, ‘ఇల్లు’ క్యాలెండర్ సెట్టింగ్స్‌లోకి వెళ్లి ‘డిఫాల్ట్ నోటిఫికేషన్స్’లో వేరుగా పెట్టాలి. మేం రెండు పెట్టాం. ఒక రోజు ముందు ఒకటి, రెండు గంటల ముందు ఒకటి.

ఇంకో దారి, ఈవెంట్‌లో ‘గెస్ట్’గా వాళ్ల మెయిల్ ఐడీ కలపడం. అప్పుడు ఆ ఈవెంట్ వాళ్ల సొంత క్యాలెండర్‌లోకి వెళ్తుంది, వాళ్ల సెట్టింగ్ ప్రకారం మోగుతుంది. డాక్టర్ అపాయింట్‌మెంట్ లాంటి వాటికి ఇలా చేస్తే సేఫ్. ఫోన్ సెట్టింగ్స్‌లో క్యాలెండర్ యాప్‌కి నోటిఫికేషన్ పర్మిషన్ ఉందో లేదో కూడా చూడండి. అది ఆఫ్ ఉంటే ఎన్ని పెట్టినా లాభం లేదు.

ఇంపోర్ట్ వేరు, సబ్‌స్క్రైబ్ వేరు

కాలేజీ వాళ్లో, ఆఫీస్ వాళ్లో సెలవుల లిస్ట్ ఐసీఎస్ ఫైల్‌గా పంపారనుకోండి. దాన్ని ‘ఇంపోర్ట్’ చేస్తే జిరాక్స్ తీసుకున్నట్టు. తర్వాత వాళ్లు ఎగ్జామ్ డేట్ మార్చినా మీ దగ్గర పాతదే ఉంటుంది. లింక్ ఇస్తే, ఆ లింక్‌కి ‘సబ్‌స్క్రైబ్’ అవ్వండి. గూగుల్‌లో ‘ఫ్రమ్ యూఆర్‌ఎల్’ అనే ఆప్షన్ అదే. వాళ్లు మార్చితే మీకూ మారుతుంది.

కానీ వెంటనే మారదు. లింక్ ద్వారా వచ్చే మార్పులకి గంటలు పడుతుంది, ఒక్కోసారి రోజు కూడా. ఈ రోజు సాయంత్రం మీటింగ్ టైమ్ మారితే ఈ దారిలో తెలుస్తుందని నమ్ముకోకండి. ఎగ్జామ్స్ ముందు అఫీషియల్ నోటీసు ఒకసారి చూసుకోవడమే కరెక్ట్.

పండుగకి ‘ఎవ్రీ ఇయర్’ పెడితే తప్పు డేట్

మా ఊళ్లో సీతారామచంద్రస్వామి గుడి ఉంది. శ్రీరామనవమి అంటే ఇంటికి చుట్టాలు వస్తారు, లీవ్ ముందే పెట్టుకోవాలి. ఒక ఏడాది క్యాలెండర్‌లో పెట్టి ‘రిపీట్ ఎవ్రీ ఇయర్’ కొట్టేస్తే సరిపోతుందనుకుంటాం. చూడండి. శ్రీరామనవమి 2023లో మార్చి 30న, 2024లో ఏప్రిల్ 17న, 2025లో ఏప్రిల్ 6న వచ్చింది. ఒక్కసారి కూడా అదే తేదీ రాలేదు.

ఎందుకంటే పండుగలు తిథి ప్రకారం వస్తాయి. పన్నెండు చాంద్రమాన మాసాలు కలిపితే దాదాపు 354 రోజులే, ఇంగ్లిష్ ఏడాది కన్నా సుమారు 11 రోజులు తక్కువ. అందుకే పండుగ ఏటా ముందుకు జరుగుతుంది. ఆ తేడా సరిచేయడానికి అధిక మాసం వస్తుంది. 2023లో జూలై 18 నుంచి ఆగస్టు 16 వరకు అధిక శ్రావణం వచ్చింది. అందుకే తర్వాతి ఏడాది శ్రీరామనవమి ఒక్కసారిగా ఏప్రిల్ మధ్యలోకి వెళ్లింది.

ఇంట్లో తిథి ప్రకారం చేసే తద్దినాలకి కూడా ఇదే సమస్య. వీటికి ‘ఎవ్రీ ఇయర్’ పెట్టకండి. ఉగాదికి కొత్త పంచాంగం వచ్చాక, ఒక రోజు కూర్చుని ఆ ఏడాది డేట్లన్నీ ‘ఇల్లు’ క్యాలెండర్‌లో ఎక్కించేయండి. గూగుల్‌లో ‘హాలిడేస్ ఇన్ ఇండియా’ ఆన్ చేసుకోవచ్చు కానీ, మన రాష్ట్ర ప్రభుత్వ సెలవులు, మన పంచాంగం దానితో ప్రతిసారీ కలవాలని లేదు. పుట్టినరోజులు, పెళ్లిరోజులు ఇంగ్లిష్ తేదీ ప్రకారం జరుపుకునేవైతే ‘ఎవ్రీ ఇయర్’ నిశ్చింతగా పెట్టొచ్చు.

అమెరికాలో ఉన్నవాళ్లతో టైమ్ కుదరాలంటే

బాబాయి కొడుకు డల్లాస్‌లో ఉంటాడు. ప్రతి ఆదివారం రాత్రి మన టైమ్ ఎనిమిదింటికి వీడియో కాల్. చలికాలంలో అక్కడ పొద్దున ఎనిమిదిన్నర. వేసవిలో అదే కాల్ అక్కడ తొమ్మిదిన్నరకి. అమెరికాలో మార్చి రెండో ఆదివారం గడియారం ఒక గంట ముందుకి, నవంబర్ మొదటి ఆదివారం వెనక్కి జరుపుతారు. మన దగ్గర ఆ పద్ధతి లేదు.

దీన్ని మనం లెక్కపెట్టక్కర్లేదు. ఈవెంట్‌ని ఇండియా టైమ్ జోన్‌లో పెట్టి వాళ్లని గెస్ట్‌గా కలిపితే, వాళ్ల ఫోన్‌లో వాళ్ల టైమ్‌కి మారి కనిపిస్తుంది. వాట్సాప్‌లో ‘‘సండే 8కి కాల్’’ అని మెసేజ్ పెడితేనే గందరగోళం. ఎవరి ఎనిమిది? దీనికి ఫోన్‌లో ‘ఆటోమేటిక్ డేట్ అండ్ టైమ్’ ఆన్‌లో ఉండాలి. పుట్టినరోజు లాంటివి టైమ్ లేకుండా ‘ఆల్ డే’గా పెట్టండి. అలా పెడితే దేశం మారినా తేదీ మారదు. పండుగ డేట్ మాత్రం వాళ్లు అక్కడి పంచాంగం చూసుకోవాలి. తిథి లెక్క స్థానిక సూర్యోదయాన్ని బట్టి ఉంటుంది కాబట్టి మనకి, వాళ్లకి ఒక్కోసారి ఒక రోజు తేడా వస్తుంది.

సింక్ అవ్వట్లేదా? ఈ ఆర్డర్‌లో చూడండి

మొదట, నెట్ ఉందా. ఊరి చివర్లో సిగ్నల్ వీక్‌గా ఉంటే పెట్టిన ఈవెంట్ ఫోన్‌లోనే ఆగి, నెట్ వచ్చాక వెళ్తుంది.

తర్వాత, ఈవెంట్ ఏ అకౌంట్‌లో ఉంది. పదిలో ఎక్కువసార్లు సమస్య ఇదే అని నా అనుభవం.

తర్వాత, రెండు ఫోన్లలోనూ ఆ క్యాలెండర్‌కి టిక్ ఉందా, సింక్ ఆన్‌లో ఉందా.

తర్వాత, బ్యాటరీ సేవర్, డేటా సేవర్. ఇవి ఆన్‌లో ఉంటే బ్యాక్‌గ్రౌండ్ సింక్ ఆగుతుంది. క్యాలెండర్ యాప్‌కి మినహాయింపు ఇవ్వండి.

ఒకే ఈవెంట్ రెండుసార్లు కనిపిస్తుంటే, అది రెండు అకౌంట్లలో ఉన్నట్టు. తొందరపడి డిలీట్ చేయకండి. షేర్ చేసిన క్యాలెండర్‌లో మార్చే అధికారం ఉన్నవాళ్లు డిలీట్ చేస్తే అందరికీ పోతుంది. అక్కర్లేని క్యాలెండర్‌కి టిక్ తీసేస్తే చాలు, ఈవెంట్ ఉంటుంది, కనిపించదంతే. పొరపాటున డిలీట్ అయితే కంప్యూటర్‌లో గూగుల్ క్యాలెండర్ ‘ట్రాష్’లో సుమారు 30 రోజులు ఉంటుంది.

ప్రైవసీ: ఈ మూడు తప్పులు చేయకండి

ఒకటి, క్యాలెండర్‌ని ‘పబ్లిక్’ చేయొద్దు. ఇంట్లో ఎవరూ ఉండని రోజులు ఏవో ఊరందరికీ చెప్పినట్టే. గూగుల్ ఇచ్చే ‘సీక్రెట్ అడ్రస్’ లింక్ కూడా గ్రూపుల్లో పెట్టొద్దు. అది దొరికినవాళ్లెవరైనా మీ క్యాలెండర్ చూడొచ్చు. ఎక్కడైనా పెట్టేసి ఉంటే సెట్టింగ్స్‌లో ‘రీసెట్’ నొక్కండి, పాత లింక్ పనిచేయదు.

రెండు, ఈవెంట్‌లో ఏటీఎం పిన్, పాస్‌వర్డ్, పాలసీ నంబర్లు రాయొద్దు. ‘‘ప్రీమియం కట్టాలి’’ అని రాస్తే చాలు.

మూడు, మీరు పెట్టని ఈవెంట్ క్యాలెండర్‌లో కనిపిస్తే లింక్ నొక్కొద్దు. ‘‘లక్కీ డ్రా గెలిచారు’’, ‘‘మీ ఫోన్‌లో వైరస్ ఉంది’’ లాంటివి ఇన్విటేషన్ రూపంలో వస్తాయి. గూగుల్ క్యాలెండర్ సెట్టింగ్స్‌లో ఇన్విటేషన్లు తెలిసినవాళ్ల నుంచి వస్తేనే యాడ్ అయ్యేలా మార్చుకోవచ్చు. ఐఫోన్‌లో అలాంటివి కనిపిస్తే, క్యాలెండర్ల లిస్ట్‌లో మీకు తెలియని సబ్‌స్క్రిప్షన్ ఉందేమో చూసి అన్‌సబ్‌స్క్రైబ్ చేయండి. డబ్బు పోయినట్టు అనిపిస్తే ఆలస్యం చేయకుండా సైబర్ క్రైమ్ హెల్ప్‌లైన్ 1930కి కాల్ చేయండి.

ఇప్పుడే రెండు నిమిషాలు

ఇది చదివి పక్కన పెట్టేయకుండా ఒక టెస్ట్ చేయండి. మీ ఫోన్‌లో రేపు పొద్దునకి ‘టెస్ట్’ అని ఒక ఈవెంట్ పెట్టండి. ఇంట్లోవాళ్ల ఫోన్ తీసుకుని అక్కడ వచ్చిందో లేదో చూడండి. టైమ్ మార్చి, అక్కడ కూడా మారిందా చూడండి. రేపు ఆ ఫోన్ మోగిందా లేదా అడగండి. మూడూ అయితేనే సింక్ అయినట్టు. రెండే అయితే, అవసరమైన రోజున అది పనిచేస్తుందని చెప్పలేం.

మా ఇంట్లో అమ్మ తర్వాతి చెకప్ డేట్ నాలుగు ఫోన్లలోనూ మోగింది. ముందురోజు రాత్రి అన్న ఫోన్ చేసి ‘‘రేపు పొద్దున మర్చిపోకు’’ అన్నాడు. నేను, వదిన ఒకేసారి ‘‘తెలుసు’’ అన్నాం. అమ్మ మాత్రం గోడ క్యాలెండర్ మీద పెన్నుతో గుండ్రంగా సున్నా చుట్టి పెట్టుకుంది. దాన్ని తీసేయమని నేనేం చెప్పలేదు. ఫోన్లన్నీ చార్జింగ్ అయిపోయిన రోజు కూడా అది కనిపిస్తుంది కదా.